మా పెదనాన్నగారి పేకాట పద్దు

మా పెదనాన్నగారు జమాఖర్చు రాయని రోజంటూ లేదు. 1968 లో మొదటి జీతం అందుకున్ననాడు పొడుగాటి అట్ట పుస్తకం ఒకటి కొన్నారు. అప్పట్నించీ ఏటా ఉగాదికి కొత్త పుస్తకం. కొత్తిమీర కట్ట మొదలు ఆడపిల్లల పెళ్ళిళ్ళ దాకా, పైసలతో సహా, అన్నీ అందులోకి ఎక్కవలసిందే. నిండిన పుస్తకాలు అటకమీద ట్రంకుపెట్టెలో వరసగా పేర్చి ఉంటాయి. ఏ సంవత్సరం కందిపప్పు ఏ ధర పలికిందో కావలిస్తే మా వాళ్ళు ఆయన్నే అడుగుతారు.

హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి 2004 లో రిటైరయ్యారు. పేకముక్క అంటే ఆయనకు గిట్టదు. సంక్రాంతికి అల్లుళ్ళు వచ్చి మేడమీద ముక్కలు పంచుకుంటూ ఉంటే, మెట్లమీద ఆయన చెప్పుల చప్పుడు వినపడగానే పేక దిండు కిందికి పోయేది. పోయినా ఆయనకు తెలిసేది. "దిండు ఎత్తుగా ఉందేం?" అనేవారు.

అటువంటి మనిషి డెబ్భయ్యో పడిలో పడి, ఊరిబయట మామిడితోటలో చాపమీద కూర్చుని మూడు ముక్కలాట ఆడుతున్నాడని 2016 దసరా సెలవుల్లో నాకు కబురొచ్చింది. నేను నమ్మలేదు. తెనాలి దిగి, ఊళ్ళోకి వెళ్ళి, పెద్దమ్మ ముఖం చూశాక నమ్మాను. ఆవిడ చేతులకు గాజులు లేవు.

"వయసు మీద పడ్డాక బుద్ధి గడ్డి తింది నాయనా" అంది. "గాజులు తాకట్లో ఉన్నాయి. మనవరాలి పెళ్ళికని ఉంచిన అరెకరం బేరానికి పెట్టారు. వచ్చే గురువారం బయానా పుచ్చుకుంటారట."

ఆయన్ని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నాకు మాత్రం ఎక్కడిది? రాత్రి భోజనాలయ్యాక ఆయనే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. అందులో 'ఆట' అని ఒక శీర్షిక. ఓడినది ఓడినట్టు, గెలిచినది గెలిచినట్టు, తేదీలతో సహా రాసి ఉంది. దొంగలెక్క ఒక్కటి లేదు. నికరంగా పోయింది 3,18,450 రూపాయలు.

"ప్రతిరోజూ పొద్దున్నే ఒట్టు పెట్టుకుంటానురా" అన్నారు. "మధ్యాహ్నం మూడయ్యేసరికి కాళ్ళు అటే లాగుతాయి. ఆడుతుంటే సరదాగా ఉంటుందా అంటే అదీ లేదు. లేచిపోదామంటే లేవలేను. ఏ జన్మలో పాపమో."

మొదటి పద్దు తేదీ చూశాను. 2014 జూలై 9, ఆట, రూ. 50. నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే మే నెలలో 'మందులు' అన్న శీర్షిక కింద మామూలుకంటే పెద్ద అంకె ఉంది. ఆయనకు 2012 నుంచి వణుకుడు జబ్బు. కుడిచెయ్యి పట్టు తప్పి పప్పు ముద్ద నోటిదాకా వచ్చేలోపల విస్తట్లో పడిపోయేది. ఆ మే నెలలోనే మాత్ర మోతాదు పెంచారు. చెయ్యి నిదానపడింది, నడక బాగుపడింది, ఇల్లంతా సంతోషించాం. ఈ రెండు పద్దులకూ సంబంధం ఉంటుందని ఆ రాత్రి నాకు తోచలేదని ఒప్పుకోవాలి. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణే అయినా తోచలేదు.

తోచింది గుంటూరు డాక్టరుగారికి. బయానా ఇంకో వారం వాయిదా వేయించి, నడక చూపించుకోవాలనే నెపంతో ఆయన్ని వెంటబెట్టుకు వెళ్ళాం. నరాల వైద్యంలో పేరున్న మనిషి. చేతులు చాపించి, నడిపించి, చీటీలన్నీ చూసి, పెదనాన్నగారిని బయట కూర్చోమని పెద్దమ్మతో నెమ్మదిగా అన్నారు: "అమ్మా, ఈయనకు కొత్తగా ఏమైనా అలవాటు పట్టుకుందా? పేకాట, అక్కర్లేని వస్తువులు కొనడం, వేళాపాళా లేకుండా తినడం, అటువంటిది?"

పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండేళ్ళలో ఆవిణ్ణి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

అక్కణ్ణించి వచ్చాక నేను పుస్తకాలు పట్టుకు కూర్చున్నాను. ఆ తెలుసుకున్నది మీతో చెప్పుకుందామనే ఇది రాయడం. ఇటువంటి పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళు చాలా ఉంటాయి. అక్కడ కూడా గాజులు తాకట్టుకి పోతూ ఉండవచ్చు.

కథ కెనడాలో మొదలవుతుంది. 1953 లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అని ఇద్దరు యువకులు ఎలుక మెదడులో సన్నటి తీగ దించి, దానిగుండా చిటికెడు కరెంటు పంపి ఏమవుతుందో చూస్తున్నారు. ఒక ఎలుకకు తీగ అనుకున్నచోట కాక కాస్త ముందుకు దిగింది. ఆ ఎలుక బల్లమీద ఏ మూల నిలబడినప్పుడు కరెంటు తగిలిందో మాటిమాటికీ ఆ మూలకే వచ్చి నిలబడేది. తరవాత మీట ఒకటి అమర్చి, అది నొక్కితే కరెంటు తగిలేటట్టు చేశారు. ఇక ఎలుకలు మీట వదలలేదు. గంటకు వందలసార్లు, కొన్నయితే వేలసార్లు నొక్కాయి. 1954 లో ఈ సంగతి అచ్చయింది. మెదడులో సుఖానికి ఒక స్థానం ఉందని పత్రికలన్నీ రాశాయి.

తీగ గురితప్పడంవల్ల దొరికిన ఆ దారినే వెతుక్కుంటూ పోయిన వాళ్ళకు ముఖ్యంగా కనిపించిన చోటు పేరు న్యూక్లియస్ అక్యుంబెన్స్. లాటిన్‌లో 'ఆనుకుని ఉన్న గింజ' అని. మెదడు అడుగున, ముందువైపు, మధ్యగోడకు చేరగిలబడినట్టు ఉంటుంది. రెండువైపులా ఒక్కొక్కటి, సుమారుగా వేరుసెనగ గింజంత. ఇక్కణ్ణించి నేను దాన్ని గింజ అనే అంటాను.

ఈ గింజ సుఖాన్ని పుట్టించే యంత్రమని చాలాకాలం అనుకున్నారు. అంత తేలిక కాదు. 1980 లో గోర్డన్ మోగెన్సన్ అనే కెనడా శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దాన్ని ఇంకోరకంగా చూశారు. కోరిక ఒకవైపు, కదలిక ఒకవైపు. ఆ రెండింటికీ మధ్య వాకిలి ఈ గింజ అన్నారు. మనసులో నాలుగు మూలలనుంచి వచ్చే మాటలు అక్కడ కలుసుకుంటాయి. వాటిలో ఏది నెగ్గితే కాళ్ళు అటు నడుస్తాయి. పెదనాన్నగారు "కాళ్ళు అటే లాగుతాయి" అన్న మాట గుర్తుందిగా.

ఎవరెవరు మాట్లాడతారక్కడ? ముఖ్యులు ముగ్గురు. మొదటిది హిప్పోకాంపస్. సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుందని ఆ పేరు. అది స్థల పురాణం చెప్పే గుమాస్తా వంటిది: మనం ఇప్పుడెక్కడున్నాం, ఇదివరకు ఇక్కడ ఏం జరిగింది అని చెబుతుంది. రెండోది అమిగ్డలా, అంటే బాదం పప్పు. భయమూ, ఉద్రేకమూ, ఆశా అటునుంచి వస్తాయి. మూడోది నుదుటి వెనకనున్న మెదడు భాగం. ముందుచూపు, ఆలోచన, వద్దని చెప్పడం దాని వంతు. మా ఇంట్లో అయితే పెద్దమ్మ స్థానం.

ఈ ముగ్గురి తీగలూ ఎక్కడెక్కడో వేరువేరు కణాలమీద ముగియవు. ఎలుకల మెదడుని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే, వేరువేరు చోట్లనుంచి వచ్చిన తీగలు గింజలో ఒకే కణంమీద చేరడం కనిపించింది. ఆ కణాలు ఒంటినిండా ముళ్ళతో పల్లేరు కాయల్లా ఉంటాయి. ఒక్కొక్కదానికి ముళ్ళు వేలకొద్దీ. ప్రతి ముల్లూ ఒక చెవి అనుకోండి.

అన్ని చెవులున్నా ఈ కణం మహా బద్ధకస్తురాలు. నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. మధ్యాహ్నం భోజనం చేసి స్తంభానికి చేరగిలబడితే ఒక్కరు పిలిస్తే లేచేది కాదు. పెరట్లో గేదె అరవాలి, వీధిలో గాజులవాడు కేకెయ్యాలి, లోపల కోడలు "అత్తయ్యగారూ" అనాలి. అన్నీ ఒక్కసారే జరిగితే అప్పుడు లేచేది. ఒకసారి లేచిందా, ఇక చిన్నపిల్లాడు చెప్పిన పనైనా చేసిపెట్టేది. ఈ కణాలకూ రెండు స్థితులు ఉన్నాయి: పడుకున్న స్థితి, లేచిన స్థితి. పడుకున్నప్పుడు ఒక్క పిలుపు ఏమూలకూ చాలదు. లేచి ఉన్నప్పుడు కొద్దిపాటి కబురుకే స్పందిస్తుంది.

లేపేదెవరు? 1995 లో అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో పాట్రీషియో ఓడొనెల్, ఆంథొనీ గ్రేస్ ఎలుకల్లో ఇది చూశారు. లేపేది హిప్పోకాంపస్. దాన్నుంచి వచ్చే తీగల కట్టను తెంచేస్తే కణాలు లేవడమే మానేశాయి. నుదుటి భాగం ఇచ్చే ఆజ్ఞ, కణం లేచి ఉన్నప్పుడే చెల్లింది. అంటే స్థలపురాణం చెప్పే గుమాస్తా తలుపు తీస్తేనే పెద్దమ్మ మాట లోపలికి వెళుతుంది. మనం ఉన్న చోటుకి మన నడతమీద ఎంత అధికారం ఉందో చూడండి. ఇంట్లో కూర్చుని పెట్టుకున్న ఒట్టు తోట గట్టు చూడగానే ఎందుకు సడలుతుందో ఆలోచిస్తే నాకు ఇదే గుర్తుకొస్తుంది. తోటలో ఆ గుమాస్తా చదివే పేజీ వేరు.

ఇంతవరకూ ముగ్గురి సంగతి. నాలుగోవాడు డోపమీన్. వీడు మాట చెప్పడు. ఎవరి మాట గట్టిగా వినపడాలో నిర్ణయిస్తాడు. నడిమెదడులో ఉన్న కొద్దిపాటి కణాలు దీన్ని తయారుచేసి గింజమీద చిలకరిస్తాయి.

డోపమీన్ కథలో మన దేశానికీ పాలు ఉంది. రక్తపోటుకూ, పిచ్చికీ మనవాళ్ళు వాడిన సర్పగంధి వేరునుంచి రెసెర్పిన్ అనే మందు తీశారు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అది కుందేళ్ళకిస్తే అవి చెవులు వేలాడేసి బొమ్మల్లా కదలకుండా పడిపోయాయి. అప్పుడు ఎల్-డోపా అనే పదార్థం ఎక్కించాడు. మెదడులోకి వెళ్ళి డోపమీన్‌గా మారే సరుకది. కొద్దిసేపట్లోనే కుందేళ్ళు లేచి గెంతాయి. ఇది 1957 లో. 2000 లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఎల్-డోపానే అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1937 లో, మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుంచి వేరుచేశారు. చిన్నప్పుడు పక్కవాడి చొక్కాలో వేసి గంతులు వేయించిన దూలగొండే. వణుకుడు జబ్బుకి ఆ గింజలు ఆయుర్వేదంలో ఎప్పట్నించో వాడుకలో ఉన్నాయి. పెదనాన్నగారికి ఈ సంగతి చెబితే చాలా సంతోషించారు. ఆయన తోటి పండితులకు ఉత్తరాలు కూడా రాశారు.

వణుకుడు జబ్బులో డోపమీన్ తయారుచేసే కణాలు నశిస్తాయి. ఈ నష్టం ముందుగా, ఎక్కువగా తగిలేది కదలికలను నడిపే భాగానికి. మన గింజకు వచ్చే సరఫరా మొదటి సంవత్సరాల్లో అంతగా దెబ్బతినదు. చిక్కంతా ఇక్కడుంది. మాత్ర మింగితే అది ఎండిన చేనుకే పోదు. తడిసి ఉన్న చేనుకీ అంతే నీరు పోతుంది. ఒకటి పచ్చబడుతుంది, ఒకటి మునుగుతుంది.

మరి మునిగితే ఏమవుతుంది? ముందు మామూలుగా ఏమవుతుందో చెప్పాలి.

వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులో కోతులకు పళ్ళరసం చుక్క ఇస్తూ డోపమీన్ కణాలను గమనించాడు. అనుకోకుండా రసం దొరికితే కణాలు చటచటమన్నాయి. రసానికి ముందు దీపం వెలిగించడం అలవాటు చేస్తే, దీపం చూడగానే చటచటమన్నాయి. రసం వచ్చినప్పుడు ఊరుకున్నాయి. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రావలసిన క్షణానికి మామూలు చప్పుడు కూడా మానేసి మూగబోయాయి. అంటే అవి చెప్పేది సుఖం సంగతి కాదు. అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా అని లెక్క. పెదనాన్నగారి పుస్తకం లాంటిదే, జమా ఖర్చూ.

మిషిగన్‌లో కెంట్ బెరిజ్ ఇంకో చిత్రం చూపించాడు. డోపమీన్ దాదాపు పూర్తిగా పోయిన ఎలుకలు తిండి పక్కనే ఉన్నా తినవు. పంచదార నీళ్ళు నోట్లో పోస్తే మాత్రం ఎప్పటిలాగే మూతి నాకుతాయి. కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. డోపమీన్ మొదటిదాని సరుకు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. "సరదాగా ఉంటుందా అంటే అదీ లేదు" అని మా పెదనాన్నగారు అన్నారే! ఆ మాట మేము నమ్మలేదు. తప్పు కప్పుకోడానికి అంటున్నారనుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. డోపమీన్‌కి గింజలో రెండు రకాల తలుపులున్నాయి. డి-1 అని ఒకటి, డి-2 అని ఒకటి. 2005 లో యుకియోరి గోటో, ఇందాక చెప్పిన గ్రేస్ ఎలుకల్లో చూసిందేమిటంటే, డి-1 తలుపు తడితే హిప్పోకాంపస్ మాట గట్టిగా వినపడుతుంది. డి-2 తలుపు తడితే నుదుటి మాట సన్నగిల్లుతుంది. మామూలు మనిషిలో ఈ రెండూ రోజంతా హెచ్చూతగ్గూ అవుతూ ఉంటాయి. గెలిచినప్పుడు డోపమీన్ గుప్పుమంటుంది, స్థలపురాణం గట్టిపడుతుంది: ఈ చోటు మంచిది, మళ్ళీ రా. ఓడినప్పుడు డోపమీన్ పడిపోతుంది, డి-2 తలుపు మీద చెయ్యి సడలుతుంది, నుదుటి మాట పైకి వినపడుతుంది: ఇక చాలు, ఇంటికి పద. ఓడిపోవడంలో ఉన్న మేలు అదే. పాఠం ఆ పడిపోవడంలో ఉంది.

మా పెదనాన్నగారు మింగుతున్నది ఎల్-డోపా ఒక్కటే కాదు. ప్రమిపెక్సోల్ అని ఇంకోటి. అది డోపమీన్‌గా మారదు. డోపమీన్ వేషం వేసుకుని వెళ్ళి తలుపు దగ్గర కూర్చుంటుంది. డి-2 తలుపు, దాని తమ్ముడు డి-3 అంటే దానికి మక్కువ. ఆ డి-3 తలుపులు మన గింజలోనే దండిగా ఉన్నాయి. నిజమైన డోపమీన్ వస్తుంది, పోతుంది. ఈ వేషగాడు గంటల తరబడి కదలడు. మనిషి ఓడిపోతాడు, నడిమెదడు కణాలు మూగబోతాయి, కానీ తలుపు దగ్గర చెయ్యి అలాగే ఉంది. ఓడినట్టు కబురు అందవలసిన చోటికి అందదు. పెద్దమ్మ అరుస్తూనే ఉంటుంది, వినపడదు.

ఇది ఎలుకల సంగతిని మనిషికి అతికించడం కాదా అంటారేమో. కొంత అతుకు ఉంది. అయితే 2004 లో మైకేల్ ఫ్రాంక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వణుకుడు జబ్బు ఉన్నవాళ్ళచేత ఒక ఆటలాంటి పరీక్ష చేయించాడు. మందు వేసుకున్నప్పుడు వాళ్ళు గెలుపునుంచి బాగా నేర్చుకున్నారు. మందు మానినప్పుడు ఓటమినుంచి బాగా నేర్చుకున్నారు. మనిషి అదే, తెలివి అదే.

2005 లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు పదకొండుమంది రోగుల సంగతి ప్రకటించారు. అంతకుముందు లేని జూదం వ్యసనం వాళ్ళందరికీ ఈ జాతి మందులు వాడుతుండగా పట్టుకుంది. తొమ్మిదిమంది వాడుతున్నది ప్రమిపెక్సోలే. ఏడుగురికి మోతాదు కుదిరిన, లేదా పెంచిన, మూడు నెలల్లోపలే మొదలైంది. మే నెలలో మోతాదు, జూలై 9 న యాభై రూపాయలు! నేను లేచి వెళ్ళి ఆ పేజీ మళ్ళీ చూసుకొచ్చాను.

తరవాత 2010 లో అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగులను పరీక్షించారు. ఈ జాతి మందులు వాడేవాళ్ళలో నూటికి 17 మందికి జూదమో, కొనుగోళ్ళో, తిండో, కామమో, ఏదో ఒక ఆపుకోలేని పిచ్చి కనిపించింది. వాడనివాళ్ళలో నూటికి 7 కు కాస్త తక్కువ. జూదం కాక తక్కినవి కూడా ఉన్నాయని గమనించండి. ఇంట్లో అవి ఇంకా సిగ్గుతో దాగిపోతాయి.

ఒక్కమాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఈ మందు చెడ్డదని నేననడం లేదు. రెండేళ్ళపాటు మా పెదనాన్నగారు తన పప్పన్నం తాను కలుపుకు తిన్నది దానివల్లనే. వాడేవాళ్ళలో ఎక్కువమందికి ఏ వ్యసనమూ రాదు. ఇది చదివి ఎవరూ మాత్రలు మానకండి. ఒక్కసారిగా మానితే దిగులు, కంగారు, నిద్రలేమి పట్టుకుని మనిషి కుంగిపోవచ్చు. చెయ్యవలసిందల్లా డాక్టరుగారికి సంగతి చెప్పడం. ఆయన అడగకపోయినా చెప్పడం.

గుంటూరు డాక్టరుగారు కూడా కొద్దికొద్దిగానే తగ్గించారు, వారాలమీద. ఎల్-డోపా కాస్త సవరించారు. రెండు వారాలు పెదనాన్నగారు ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజుల్లో పెద్దమ్మ పడిన బాధ తోటలో పోయిన డబ్బుకంటే ఎక్కువే. అరెకరం బేరం మాత్రం మా పెద్దన్నయ్య వెళ్ళి ఆపేశాడు. కొనేవాడు మంచివాడు, కారణం చెప్పగానే ఒప్పుకున్నాడు, నమ్మాడో లేదో తెలియదు.

జనవరిలో సంక్రాంతికి వెళ్ళాను. పెదనాన్నగారు వీధి అరుగుమీద ఎండలో కూర్చున్నారు. చెయ్యి మళ్ళీ వణుకుతోంది, మునుపటంత కాదుగాని చొక్కా గుండీలు పెద్దమ్మే పెట్టాలి.

"నిన్న తోట పక్కనించి నడిచి వచ్చానురా" అన్నారు. "ముగ్గురు నలుగురు ఆడుతున్నారు. చాప చిరిగిపోయి ఉంది. ఇన్నాళ్ళూ నేను దానిమీదే కూర్చున్నానా అనిపించింది. మామిడిపూత బాగా వచ్చింది ఈ ఏడు."

మేడమీద అల్లుళ్ళు పేకాడుతున్నారు. ఆయన మెట్లెక్కలేదు. ఎక్కలేక కాదు.

భోజనాలయ్యాక పుస్తకం తెచ్చారు. నేను చదివినదంతా ఆయనకు చెప్పాను, గింజా, గుమాస్తా, వేషగాడూ, అన్నీ. వ్యాకరణం విన్నంత శ్రద్ధగా విన్నారు. విని, 'ఆట' శీర్షిక కింద ఉన్న 3,18,450 మీద వేలు పెట్టారు.

"మరి ఇది ఏ పద్దులోకి పోవాలి? 'ఆట' అని రాశాను. నువ్వు చెప్పిన ప్రకారం 'మందులు' కిందికి మార్చాలిగా?"

నేను తటపటాయిస్తుంటే వంటింట్లోంచి పెద్దమ్మ అంది: "ఆ మాత్రలు మింగినవాళ్ళు నూరుమందిలో ఎనభైముగ్గురు ఏ తోటకీ పోలేదన్నాడుగా మీ అబ్బాయి. అంతా మందులమీదికి తోస్తే ఎట్లా?"

"అదీ నిజమే" అన్నారు పెదనాన్నగారు. "ఎంత వాటా ఎవరిది? నీ పుస్తకాల్లో ఉందిరా?"

"లేదండీ."

కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు ఆలోచించారు. చివరికి 'మందులు' కింద 1,59,225 వేశారు. 'ఆట' కింద 1,59,225 ఉంచారు. పాత మొత్తాన్ని కొట్టివెయ్యబోతే చెయ్యి వణికి గీత వంకరగా పోయింది.

"స్కేలు ఇలా ఇయ్యి" అన్నారు.